తెలుగు రాతతో సొంతంగా సంపాదన: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో రాసి బతకొచ్చా?

బతకొచ్చు. కానీ కథలూ కవితలూ రాసి మాత్రం కాదు. పత్రికలో కథ పడితే వచ్చే పారితోషికంతో నెల గడవదు, కొన్ని చోట్ల అదీ ఇవ్వరు. తెలుగు రాతకు డబ్బు పెట్టేవాళ్లు వేరే ఉన్నారు. బ్యాంకు యాప్‌లో తెలుగు స్క్రీన్, ఓటీటీలో కొరియన్ సీరియల్‌కు తెలుగు డబ్బింగ్, పురుగుమందుల కంపెనీ రైతులకు పంచే కరపత్రం, క్లినికల్ ట్రయల్‌లో చేరేవాళ్లు సంతకం పెట్టే సమ్మతి పత్రం, యూట్యూబ్ ఛానెల్ స్క్రిప్టు: వీటన్నిటినీ ఎవరో ఒకరు కూర్చుని రాస్తున్నారు. కింద వాళ్ల పేరు ఉండదు. పేరు లేని రాతతో ఇల్లు నడుపుకుని, పేరున్న రాతను తీరిక చేసుకుని రాసుకోవడమే ఇందులో నిలదొక్కుకునే దారి.

ఏ పనికి గిరాకీ ఎక్కువ?

ఇంగ్లీషు నుంచి తెలుగు అనువాదానికి. యాప్‌లు, వెబ్‌సైట్లు, బీమా పాలసీలు, శిక్షణ పుస్తకాలు, వైద్య పత్రాలు అన్నీ ఇందులోకే వస్తాయి. తర్వాత సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ స్క్రిప్టులు. ఆ తర్వాత యూట్యూబ్, ఆడియో సిరీస్, ప్రకటనల రాత. ఒకరి ఆత్మకథో, కుటుంబ చరిత్రో వాళ్ల తరఫున రాసిపెట్టే పని కూడా ఉంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రుల జీవితాన్ని పుస్తకంగా తేవాలనుకున్నప్పుడు వస్తుంది. ఎప్పుడో ఒకటి తగులుతుంది కానీ తగిలితే నాలుగైదు నెలల పని.

ప్రూఫ్ రీడింగ్‌కు డబ్బు తక్కువ. అయితే కొత్తవాళ్లకు ప్రచురణకర్తల గుమ్మం తెరిచేది అదే.

ప్రభుత్వ రంగంలోనూ కొంత పని దొరుకుతుంది. మైసూరులోని భారతీయ భాషల సంస్థ ఆధ్వర్యంలో నడిచే జాతీయ అనువాద మిషన్ ఉన్నత విద్య పుస్తకాలను భారతీయ భాషల్లోకి తెస్తుంది. నేషనల్ బుక్ ట్రస్ట్, సాహిత్య అకాడెమీలకూ అనువాదకుల అవసరం ఉంటుంది. ఇవన్నీ నెమ్మదిగా కదిలే బళ్లు. పేరుకు మంచివే, నెల ఖర్చులకు వీటిని నమ్ముకోకండి.

తెలుగు ఎంఏ ఉండాలా?

అక్కర్లేదు. డిగ్రీ ఏదైనా పర్వాలేదు, ఒక విషయం మీద పట్టు ఉంటే చాలు. నర్సింగ్ చదివినవాళ్లు రాసే వైద్య తెలుగు, బ్యాంకులో పదేళ్లు చేసినవాళ్లు రాసే రుణపత్రం తెలుగు పండితులు రాసినదానికంటే ఎక్కువ ధర పలుకుతుంది. సాహిత్య అనువాదానికి మాత్రం చదువుకన్నా చదివిన పుస్తకాలు లెక్కలోకి వస్తాయి.

మొదలుపెట్టే ముందు ఏం నేర్చుకోవాలి?

టైపింగ్. ఇది చాలామంది చిన్నచూపు చూసే విషయం. ఫోన్‌లో మాట చెప్పి టైపు చేయించుకుంటే వాట్సాప్‌కు సరిపోతుంది, 40 పేజీల మాన్యువల్‌కు సరిపోదు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి నేర్చుకోండి, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఉచితంగానే ఉంటుంది. రోజుకు అరగంట చొప్పున నెలా రెండు నెలలు కూర్చుంటే చేయి తిరుగుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతి అలవాటైనవాళ్లు అదే కొనసాగించినా ఇబ్బంది లేదు, వేగం ఉంటే చాలు.

రెండోది, యూనికోడ్‌కూ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా కనిపించే తెలుగు) అను ఫాంట్లకూ (డీటీపీలో వాడే పాత తరహా ఫాంట్లు) తేడా. యాప్‌లు, వెబ్‌సైట్లు, అనువాద ఏజెన్సీలు యూనికోడ్ అడుగుతాయి. పుస్తకాల డీటీపీ చేసేవాళ్లలో చాలామంది ఇంకా అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీదే ఉన్నారు. అనులో కొట్టిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు కానీ మార్చాక మొత్తం చదవాలి. వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు చెడిపోయేది అక్కడే. పుస్తకం పని ఒప్పుకునేటప్పుడే ఏ ఫాంటులో కావాలో అడగండి. అడగకపోతే మార్పిడి చాకిరీ మీ నెత్తిన పడుతుంది, దానికి ఎవరూ పైసా ఇవ్వరు.

మూడోది చిన్నది కానీ పని తెలిసినవాళ్లను పట్టిచ్చేది ఇదే. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయడానికి ట్ తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి పెట్టాలి. పెట్టకపోతే ‘సాఫ్ట్వేర్’ అయి, వ వత్తుగా కిందికి దిగిపోతుంది. కొన్ని వెబ్‌సైట్లలో అతికించగానే ఈ గుర్తు ఎగిరిపోతుంది. అందుకే ఫైలు పంపడంతో పని అయిపోయిందనుకోకుండా, స్క్రీన్ మీదికి ఎక్కాక ఒకసారి చూడండి.

అనుభవం లేదు. శాంపిల్ ఏం చూపించాలి?

మూడు ముక్కలు చాలు, ఒక్కొక్కటి 300 మాటలు మించకుండా. మీరు ఏ పని అడగబోతున్నారో ఆ రకం రాతే ఉండాలి. అనువాదం కావాలంటే, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న ఒక ఆరోగ్య సమాచార పేజీ తీసుకుని తెలుగు చేసి, మూలం ఎడమవైపు, మీ తెలుగు కుడివైపు పట్టికలో పెట్టండి. ప్రకటనలు కావాలంటే ఒక ఊహాజనిత నూనె బ్రాండుకు ఐదు లైన్లు. యూట్యూబ్ అయితే రెండు నిమిషాల స్క్రిప్టు.

అనువాదం అడుగుతూ కవితా సంకలనం పంపేవాళ్లు ఉన్నారు. ఏజెన్సీలో ఆ మెయిల్ చూసేది ఏ పుణెలోనో బెంగళూరులోనో ఉండే, తెలుగు రాని ప్రాజెక్టు మేనేజరు. ఆయన చూసేది ఫైలు శుభ్రంగా ఉందా, అడిగింది పంపారా అనేదే.

మొదటి పని ఎక్కడ దొరుకుతుంది?

అనువాద ఏజెన్సీలు చాలా మటుకు తెలుగువాళ్ల కోసం వెతుకుతూనే ఉంటాయి. హిందీకి ఉన్నంత మంది తెలుగుకు ఉండరు. ప్రోజ్ లాంటి అనువాదకుల సైట్లలో ప్రొఫైల్ పెట్టండి, లింక్డ్‌ఇన్‌లో ‘ఇంగ్లీషు–తెలుగు అనువాదకులు’ అని సూటిగా రాయండి. రెండు వారాల్లో 30 ఏజెన్సీలకు ఒక్కొక్కరికీ విడిగా మెయిల్ పంపండి. అందులో నాలుగు విషయాలు చాలు: ఏ భాషల జంట, ఏ విషయం, రోజుకు ఎన్ని మాటలు, రేటు ఎంత. ఎక్కువమంది జవాబివ్వరు. ఇచ్చినవాళ్లలో కొందరు టెస్టు పంపుతారు, ఒకరిద్దరు ఆరు నెలల తర్వాత అర్జంటు పని వచ్చినప్పుడు గుర్తుచేసుకుంటారు.

యూట్యూబ్ ఛానెళ్లకు వేరే పద్ధతి. వాళ్ల పాత వీడియో ఒకటి చూసి, మొదటి 30 సెకన్లు మీరైతే ఎలా రాస్తారో రాసి పంపండి. వాయిస్‌ను బట్టి నిమిషానికి 100 నుంచి 120 తెలుగు మాటలు పడతాయి, కాబట్టి అది 50–60 మాటల పని. ఛానెల్ నడిపేవాళ్లు రెజ్యూమేలు చదవరు, ఇది చదువుతారు.

టెస్టు ఉచితంగా చేయాలా?

250–300 మాటల వరకు చేయండి, అది వాడుకలో ఉన్నదే. 1500 మాటల ‘టెస్టు’ వస్తే మాత్రం ఆగండి. ఒక పెద్ద ఫైలును ముక్కలు చేసి పదిమందికి టెస్టు పేరుతో పంచి, పని ఉచితంగా పూర్తి చేయించుకునే మోసం ఉంది. ‘300 మాటలు ఉచితం, మిగతాది నా మామూలు రేటుకు’ అని జవాబివ్వండి. నిజమైన ఏజెన్సీ ఒప్పుకుంటుంది.

రేటు ఎంత చెప్పాలి?

పక్కవాళ్లు ఎంత తీసుకుంటున్నారని అడిగే ముందు మీకు ఎంత కావాలో లెక్క కట్టండి. ఉదాహరణకు ఇంటికి నెలకు రూ. 45,000 కావాలి. ఇంటర్నెట్, కరెంటు, ల్యాప్‌టాప్ అరుగుదల, ఆరోగ్య బీమా, ఆడిటరు ఫీజు కలిపి రూ. 12,000. పని లేని నెలల కోసం పక్కన పెట్టేది రూ. 8,000. మొత్తం రూ. 65,000.

ఇప్పుడు రోజులు. ఆదివారాలూ కొన్ని శనివారాలూ పోను 22 రోజులు. వాటన్నిటికీ డబ్బు రాదు. క్లయింట్లను వెతకడం, దిద్దుబాట్లు, బిల్లులు, బాకీల కోసం ఫోన్లు ఏడు రోజులు తింటాయి. డబ్బు తెచ్చేవి 15 రోజులే. 65,000ను 15తో భాగిస్తే రోజుకు దాదాపు రూ. 4,330. రోజుకు 2000 మాటలు నాణ్యంగా అనువదించగలిగితే మాటకు రూ. 2.17 పడుతుంది. ఈ లెక్కన రూపాయి రేటుకు ఒప్పుకుంటే నెలంతా రాత్రింబగళ్లు పనిచేసినా లోటే మిగులుతుంది.

మొదట్లో ఆ రేటు దొరక్కపోవచ్చు. అప్పుడు తక్కువకు చేయండి, కానీ మీ అసలు రేటును బిల్లులో రాసి, ‘మొదటి ప్రాజెక్టు తగ్గింపు’ అని వేరే లైనులో చూపించండి. ఒకసారి రూపాయికి చేసినవాళ్లు రెండు రూపాయలు అడగాలంటే మొహమాటపడతారు. ఈ లైను ఉంటే ఆ మొహమాటం అక్కర్లేదు. తెలుగు రాతగాళ్ల జేబుకు చిల్లు పెట్టేది రాత రాకపోవడం కన్నా మొహమాటమే ఎక్కువ.

ఇంగ్లీషు మాటలు లెక్కపెట్టాలా, తెలుగు మాటలా?

మూలం మాటలే. ఈ ఒక్క సంగతి తెలియక నష్టపోయేవాళ్లు చాలామంది. తెలుగులో విభక్తి, కాలం, వ్యతిరేకార్థం అన్నీ ఒకే మాటలో ఇమిడిపోతాయి. ‘ఐ విల్ నాట్ బి ఏబుల్ టు కమ్’ ఏడు మాటలు, తెలుగులో ‘నేను రాలేను’ రెండు, ‘రాలేను’ అంటే ఒకటి. ‘ఇన్ ది హౌస్’ మూడు, ‘ఇంట్లో’ ఒకటి. 1000 మాటల ఇంగ్లీషు వ్యాసం తెలుగులో చాలాసార్లు 700–800కు దిగుతుంది. తెలుగు మాటకు రెండు రూపాయలంటే నిజానికి మీకు దక్కేది మూలం మాటకు రూపాయిన్నర. పైగా చక్కగా, క్లుప్తంగా రాసేకొద్దీ డబ్బు తగ్గుతుంది.

తెలుగు నుంచి ఇంగ్లీషుకు చేసేటప్పుడు ఇదే తిరగబడుతుంది, అక్కడ లక్ష్య భాష, అంటే ఇంగ్లీషు, మాటల మీద అడగండి. నేరుగా తెలుగులో రాసే వ్యాసాలకు మాట లెక్క మాని, వ్యాసానికి ఇంత అని మాట్లాడుకోవడం మేలు.

ఏజెన్సీ ‘మ్యాచ్’ పేరుతో రేటు తగ్గిస్తోంది. ఒప్పుకోవచ్చా?

ట్రాడోస్, మెమోక్యూ, స్మార్ట్‌క్యాట్ లాంటి సాఫ్ట్‌వేర్లు పాత అనువాదాలను దాచిపెట్టి, అలాంటి వాక్యమే మళ్లీ వస్తే చూపిస్తాయి. నేర్చుకోవాలనుకుంటే ఒమేగా-టి ఉచితం. అచ్చంగా అదే వాక్యం వస్తే తగ్గింపు న్యాయమే. 75 నుంచి 99 శాతం పోలికకు తగ్గించడంలోనే తెలుగుకు అన్యాయం జరుగుతుంది. ఇంగ్లీషులో ‘హి’ స్థానంలో ‘షి’ వస్తే ఒక్క మాట తేడా. తెలుగులో ‘అతను వచ్చి ఫారం నింపాడు, తర్వాత వెళ్లాడు’ కాస్తా ‘ఆమె వచ్చి ఫారం నింపింది, తర్వాత వెళ్లింది’ అవుతుంది, ‘నింపాడు’, ‘వెళ్లాడు’ రెండూ మారతాయి. 85 శాతం కంటే తక్కువ పోలికకు పూర్తి రేటు అడగండి. చాలా ఏజెన్సీలు బేరానికి వస్తాయి.

మెషిన్ అనువాదం వచ్చాక మనకు పని ఉంటుందా?

పని మారింది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది యంత్రం చేసిన తెలుగును దిద్దే పని, దానికి బాగా తగ్గించిన రేటు చెబుతారు. ఒప్పుకునే ముందు 300 మాటల ముక్క అడిగి, గడియారం పెట్టుకుని దిద్దండి. కొత్తగా చేయడానికి పట్టే సమయంలో సగమే పడితే సగం రేటు సరే. అంతే సమయం పడితే పూర్తి రేటు అడగండి, లేదా గంటకు ఇంత అని మాట్లాడండి.

యంత్రం ఎక్కడ బోల్తా పడుతుందో తెలిస్తే మీ విలువ చెప్పుకోవడం సులువు. ‘అప్లై’ అనే బటన్ తీసుకోండి. ఉద్యోగం పేజీలో అది ‘దరఖాస్తు చేయండి’. సెట్టింగుల్లో ‘అమలు చేయి’. కూపన్ దగ్గర ‘కూపన్ వాడండి’. చర్మం మీద రాసే మందు డబ్బాపై ‘పూయండి’. సందర్భం అందకపోతే యంత్రం అన్నిచోట్లా ‘వర్తింపజేయి’ అంటుంది, మందు డబ్బా మీద కూడా. ఇక ఒక పేజీలో మీరు, మరో పేజీలో నువ్వు. ప్రతి వాక్యం చివరా ‘చేయబడింది’, ‘ఇవ్వబడుతుంది’. తెలుగు ఇంట్లో ఎవరూ ‘అన్నం వండబడింది’ అనరు. మొదట ఈ మూడింటినీ వెతికి దిద్దితే రాత సగం బాగుపడుతుంది.

ఒక జాగ్రత్త. క్లయింటు ఇచ్చిన రహస్య పత్రాన్ని, ముఖ్యంగా వైద్య, న్యాయ పత్రాలను, ఉచిత అనువాద సైట్లలో అతికించకండి. గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే అది ఉల్లంఘన అవుతుంది.

సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ రాత వేరుగా నేర్చుకోవాలా?

అవును, ఇవి చోటుతో చేసే కుస్తీ. సబ్‌టైటిల్‌లో రెండు లైన్లే. ప్రతి లైనుకూ క్యారెక్టర్ల పరిమితి ఉంటుంది, ఇంగ్లీషులో సాధారణంగా 42. తెలుగులో చిక్కేమిటంటే ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. సంయుక్తాక్షరాలు ఎక్కువైతే కళ్లకు చోటున్నట్టే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఎర్ర గీత పెడుతుంది. ‘ప్రయత్నిస్తున్నాను’ బదులు ‘చూస్తున్నా’ అనగలిగే చోట అనేయాలి.

డబ్బింగ్‌లో పెదవులు చూడాలి. క్లోజప్‌లో నటుడి పెదవులు మూసుకునే చోట ప, బ, మ ల్లో ఒకటి పడాలి. ‘మదర్’ అన్నచోట ‘అమ్మ’ కలుస్తుంది, ‘తల్లి’ కలవదు. నటుడు వీపు తిప్పితే మీకు స్వేచ్ఛ. రేటు నిమిషాల లెక్కన మాట్లాడతారు. అప్పుడు మాటల జోరున్న కామెడీకీ, నిశ్శబ్దంగా సాగే థ్రిల్లర్‌కూ ఒకే నిమిషం రేటు ఒప్పుకోవద్దు. ముందు ఒక ఎపిసోడ్ చూశాకే ధర చెప్పండి.

ఒప్పందంలో ఏమేం ఉండాలి?

స్టాంపు పేపరు అక్కర్లేదు. ఒక మెయిల్ రాసి, అవతలివాళ్లు ‘ఓకే’ అని జవాబిస్తే చిన్న పనులకు అదే ఒప్పందం. అందులో ఉండాల్సినవి: పని ఏమిటి, ఎన్ని మాటలు, రేటు, గడువు, ఎన్ని విడతల దిద్దుబాటు ఉచితం, డబ్బు ఎన్ని రోజుల్లో, మధ్యలో ఆపేస్తే ఎంత ఇవ్వాలి, హక్కులు ఎవరివి. దిద్దుబాట్లు రెండు విడతలు ఉచితం అని రాయండి, మూడోదానికి గంట లెక్క. ఇది రాయకపోతే ‘ఇంకొంచెం పంచ్ కావాలండీ’ అంటూ ఏడో విడత దాకా సాగుతుంది.

కొత్త క్లయింటు దగ్గర 30 నుంచి 50 శాతం అడ్వాన్సు తీసుకోండి. ఏజెన్సీలు అడ్వాన్సు ఇవ్వవు. అక్కడ మొదటి పని చిన్నది తీసుకుని, ఆ డబ్బు వచ్చాకే పెద్దది ఒప్పుకోండి.

రాసింది నాదా, వాళ్లదా?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని రచయితే మొదటి హక్కుదారు. డబ్బు తీసుకున్నంత మాత్రాన హక్కు పోదు, రాతపూర్వకంగా సంతకం పెట్టి బదిలీ చేస్తేనే పోతుంది. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే బదిలీ ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. అందుకే ప్రచురణకర్త కాగితంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో’ అని కనిపిస్తే ఆగి చదవండి. యాప్ అనువాదానికి అలా రాసివ్వడంలో నష్టమేమీ లేదు. నవలకు రాసిస్తే ఆడియో, వెబ్ సిరీస్ హక్కులు కూడా పోయినట్టే.

పుస్తక అనువాదకులకు ఒక చిక్కు ఉంది. రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది, అంతవరకు వారసుల అనుమతి లేనిదే అనువాదం అచ్చువేయకూడదు. ప్రేమ్‌చంద్ 1936లో, శరత్ 1938లో చనిపోయారు కనుక వాళ్ల మూల రచనలను ఎవరైనా అనువదించవచ్చు. అయితే వాటికి ఉన్న పాత తెలుగు అనువాదాల మీద ఆ అనువాదకుల హక్కు వేరేగా ఉంటుంది. పాత తెలుగు ప్రతిని చూసి కాస్త మార్చి దించేస్తే అది చౌర్యమే.

సినిమా కథ చెప్పాలంటే దొంగిలిస్తారేమోనని భయం.

ఆలోచనకు కాపీరైట్ లేదు, రాసిన రూపానికే ఉంది. 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. కనుక రెండు లైన్ల కథ చెప్పి భయపడటం కన్నా, సీన్ల వారీగా పూర్తిగా రాసి, హైదరాబాద్‌లోని తెలుగు సినీ రచయితల సంఘంలోనో, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లోనో రిజిస్టరు చేయించి, అప్పుడు వినిపించండి. కేంద్ర కాపీరైట్ కార్యాలయంలో కూడా నమోదు చేసుకోవచ్చు, సాహిత్య రచనకు ఫీజు రూ. 500. వినిపించిన రోజే ‘ఈరోజు ఫలానా కథ వినిపించాను, ప్రతి జతచేశాను’ అని మెయిల్ పంపి ఉంచండి.

పాటల రచయితలకు 2012 సవరణ మేలు చేసింది. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం కాకుండా మరెక్కడ పాట వాడినా రాయల్టీలో వాటా రచయితకు ఉంటుంది, దాన్ని వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదు. పాటల రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం ఉంటే ఆ డబ్బు వసూలవుతుంది.

బిల్లు పంపి మూడు నెలలైంది, డబ్బు రాలేదు. ఏం చేయాలి?

దీనికి మందు ముందే వేసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌లతో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోండి. పైసా ఫీజు లేదు. డబ్బు అడిగే సైట్లన్నీ దళారులవి. ఈ నంబరు ఉంటే 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం మీకు వర్తిస్తుంది. ఒప్పందంలో గడువు రాసుకున్నా 45 రోజులు మించకూడదు, ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలవారీ చక్రవడ్డీగా. పని ఒప్పుకోవడానికి ముందే నమోదై ఉండటం మేలు, బాకీ పడ్డాక చేసుకుంటే ఆ పాత బాకీకి పనికొస్తుందన్న నమ్మకం లేదు.

దీనికన్నా పదునైనది ఇంకొకటుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన 2023–24 నుంచి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేదు, దాని మీద పన్ను కట్టాలి. రచయిత బతిమాలితే కదలని అకౌంట్స్ విభాగం ఈ మాటకు కదులుతుంది. అందుకే ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు వేయండి. గడువు ముగిసేలోపు మొదటిసారి గుర్తుచేసే మెయిల్ మర్యాదగానే ఉండాలి:

‘నమస్తే అండీ. మార్చి 4న పంపిన 17వ నంబరు బిల్లు, రూ. 18,600, ఇంకా జమ కాలేదు. నేను ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ సంస్థను, 45 రోజుల గడువు ఏప్రిల్ 18తో ముగుస్తుంది. ఎప్పుడు వేస్తారో తేదీ చెప్పగలరా?’

తేదీ అడగడం ముఖ్యం. ‘చూడండి సార్’ అంటే ‘చూస్తాం’ అంటారు. గడువు దాటాక కదలిక లేకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, అది ఇలాంటి బాకీలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది.

బిల్లులో డబ్బు తగ్గించి వేశారు. టీడీఎస్ అంటున్నారు.

టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి మీ పేరున కట్టే పన్ను. వృత్తి సేవలకు 10 శాతం కోస్తారు, పాత (1961) ఆదాయపు పన్ను చట్టంలో 194జె సెక్షన్. 2025 ఏప్రిల్ నుంచి ఒకే క్లయింటు ఏడాదికి రూ. 50,000 దాటి చెల్లిస్తే ఇది వర్తిస్తుంది. కొందరు దీన్ని కాంట్రాక్టుగా లెక్కగట్టి 1 శాతమే కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. ఇది పోయిన డబ్బు కాదు, మీ పేరున ప్రభుత్వం దగ్గర జమ అయిన పన్ను. ఆదాయపు పన్ను సైట్‌లో మీ పేరున జమైన పన్నును చూపే 26ఏఎస్‌లో కనిపిస్తోందో లేదో మూడు నెలలకోసారి చూడండి. కోసి, కట్టకుండా ఊరుకునే సంస్థలు ఉన్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కనుక సెక్షన్ల నంబర్లు మారతాయి. అకౌంటెంట్లు ఇంకొన్నాళ్లు పాత నంబర్లతోనే మాట్లాడతారు.

రిటర్నులో సగం ఆదాయమే చూపిస్తే చాలంటారు, నిజమేనా?

అందరికీ కాదు. పాత చట్టంలోని 44ఎడిఎ సెక్షన్ కింద, వచ్చిన మొత్తంలో సగాన్ని లాభంగా చూపే సదుపాయం కొన్ని నిర్దేశిత వృత్తులకే. సినిమా కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, పాటలు రాసేవాళ్లు ‘ఫిల్మ్ ఆర్టిస్టు’ నిర్వచనంలోకి వస్తారు. వెబ్‌సైట్లకు రాసేవాళ్లు, అనువాదకులు ఆ జాబితాలో పేరు పెట్టి లేరు. అయినా చాలామంది అదే వాడుతున్నారు, ఆడిటర్లలోనూ ఏకాభిప్రాయం లేదు. యూట్యూబ్ సలహాలు విని నిర్ణయించుకోకుండా ఏడాదికోసారి ఆడిటరు దగ్గర కూర్చోండి. టీడీఎస్ పోగా కట్టాల్సిన పన్ను రూ. 10,000 దాటితే అడ్వాన్సు పన్ను జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15లోపు కట్టాలి. 44ఎడిఎ వాడితే మార్చి 15న ఒకేసారి కడితే సరిపోతుంది.

జీఎస్టీ నంబరు తీసుకోవాలా?

సేవలకు పరిమితి ఏడాదికి రూ. 20 లక్షలు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. అంతకు లోపల అక్కర్లేదు, బెంగళూరు క్లయింటుకు పనిచేసినా సరే. అయితే ఆ 20 లక్షల్లో మీ పాన్ మీద వచ్చే షాపు అద్దె లాంటివి కూడా కలుస్తాయి. దాటితే 18 శాతం.

విదేశీ క్లయింటు డబ్బు ఎలా వస్తుంది?

పేపాల్, పయోనీర్, వైజ్, నేరుగా బ్యాంకు. రేటు చెప్పే ముందు ఫీజు, మారకపు తేడా కలిపి చేతికి ఎంత వస్తుందో రూ. 10,000 మీద లెక్కేసి పోల్చండి, తేడా వందల్లో ఉంటుంది. ప్రతి జమకూ విదేశీ చెల్లింపు రసీదు దించి దాచండి, పన్ను లెక్కకు అది సాక్ష్యం. అమెరికా సంస్థలు డబ్ల్యూ-8బెన్ ఫారం అడుగుతాయి. మీరు అమెరికా పౌరులో నివాసులో కాదని చెప్పే కాగితం అది, నింపి ఇవ్వండి.

‘ఇంట్లో కూర్చుని తెలుగు టైపింగ్, నెలకు 30 వేలు’ ప్రకటన నిజమేనా?

కాదు. రిజిస్ట్రేషన్ ఫీజో డిపాజిట్టో అడుగుతారు. లేదా ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, ‘మీ పనిలో తప్పులు 2 శాతం మించాయి, నష్టపరిహారం కట్టండి’ అంటూ లాయరు నోటీసు పేరుతో బెదిరిస్తారు. పని ఇచ్చేవాళ్లు డబ్బు ఇస్తారు, అడగరు. బెదిరింపు వస్తే కట్టకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఉద్యోగం ఎప్పుడు మానేయాలి?

ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండి, వరుసగా ఆరు నెలలు రాత మీద జీతంలో సగమైనా వచ్చి, అందులో ఏ ఒక్క క్లయింటు వాటా 40 శాతం మించకుండా ఉన్నప్పుడు. మూడో షరతునే ఎక్కువమంది మరిచిపోతారు. ఒక్క ఏజెన్సీ మీద ఆధారపడి రాజీనామా ఇస్తే, ఆ ఏజెన్సీకి ఒక ప్రాజెక్టు పోయిన నెలలో మీ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ రాజీనామాకు ముందే తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు కవరేజీ మొదలయ్యే వ్యవధి పాలసీ తీసుకున్న రోజు నుంచి లెక్క. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు.